స్పీడ్ కెమెరా ఉత్తరం నా పేరు మీద వచ్చింది, ఫోటోలో మా వారు ఉన్నారు. ఏం రాయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మేం జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర లుడ్విగ్స్‌బుర్గ్‌లో ఉంటాం. నేను బ్లూ కార్డు మీద వచ్చి మూడేళ్లయింది. నిరుడు ఇక్కడి లైసెన్స్ తీసుకున్నాను. మా వారు ఈ జనవరిలో డిపెండెంట్ వీసా మీద వచ్చారు. ఆయనకు గుంటూరు లైసెన్స్ ఉంది, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తెచ్చుకున్నారు. ఇండియాలో ఏళ్ల తరబడి కారు నడిపిన మనిషి. సెప్టెంబరులో ఒక ఆదివారం హైల్‌బ్రోన్ వైపు వెళ్తుంటే ఒక చిన్న ఊళ్లో కెమెరా ఫ్లాష్ కొట్టింది. కారు నా పేరు మీద ఉంది కాబట్టి మొన్న ఉత్తరం నాకే వచ్చింది. పైన ‘త్సోయ్‌గెన్‌ఫ్రాగెబోగెన్’ అని ఉంది. 50 ఉన్న చోట 74లో వెళ్లారట. ఫోటోలో మా వారు గడ్డంతో సహా స్పష్టంగా కనిపిస్తున్నారు. కానీ అక్కడ స్పీడ్ బోర్డే లేదు, ఒట్టు! ఒక ఫ్రెండేమో జవాబివ్వకు, మూడు నెలలైతే అదే పోతుందంటోంది. ఇంకొకరు, నీకు జర్మన్ లైసెన్స్ ఉందిగా, నువ్వే నడిపానని రాసెయ్ అంటున్నారు. మరొకాయన ఇండియా తిరిగి వెళ్లిపోయిన ఎవరి పేరైనా రాయమంటున్నారు. వచ్చే ఏడాది పీఆర్‌కి, ఆ తర్వాత సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలనుకుంటున్నాం. దీనివల్ల అవి ఆగిపోతాయా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డిసెంబరులో మా మరిది చూడ్డానికి వస్తున్నాడు, తనూ కారు నడుపుతానంటున్నాడు. వారంలో జవాబివ్వమని ఉత్తరంలో ఉంది. దయచేసి చెప్పండి.
— ఒక పాఠకురాలు

సమాధానం: స్పీడ్ గురించి మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. 74 వల్ల ఎవరి పీఆరూ ఆగదు. కానీ మీ ఉత్తరంలో మీరు మామూలుగా చెప్పేసి ముందుకు వెళ్లిపోయిన ఒక వాక్యం ఉంది: మీ వారు జనవరిలో వచ్చారు. ఫోటో సెప్టెంబరుది. నన్ను ఆపేసింది ఆ వాక్యమే.

యూరోపియన్ యూనియన్ బయటి దేశపు లైసెన్స్‌తో వచ్చినవాళ్లు జర్మనీలో నివాసం ఏర్పరచుకున్నాక ఆరు నెలలే ఆ లైసెన్స్ మీద బండి నడపవచ్చు. ఇంటర్నేషనల్ పర్మిట్ మీద ఏడాది గడువు రాసి ఉన్నా సరే. ఆ పర్మిట్ మీ లైసెన్స్‌కు తోడు కాగితం మాత్రమే, ఆరు నెలలను అది ఒక్క రోజు కూడా పెంచదు. ఏడాదిలోపే తిరిగి వెళ్లిపోతామని రుజువు చూపిస్తే ఆఫీసువాళ్లు గడువు పెంచే వీలుంది. మీ వారు ఉండటానికే వచ్చారు కాబట్టి అది ఆయనకు వర్తించదు. జనవరిలో వచ్చి అప్పుడే అడ్రస్ రిజిస్టర్ చేసుకున్న మనిషికి జులైతో ఆ హక్కు అయిపోయింది. ఆ తర్వాత నడిపితే ఇక్కడి చట్టం ప్రకారం అది లైసెన్స్ లేకుండా నడపడమే. స్పీడ్‌లాగా జరిమానా కట్టేసి మరచిపోయే తప్పు కాదది, క్రిమినల్ నేరం. ఏడాది వరకు జైలు లేదా కోర్టు విధించే జరిమానా అని చట్టంలో ఉంది. మొదటిసారి దొరికినవాళ్లకు సాధారణంగా జరిమానాతో సరిపెడతారు. కానీ కేసు కేసే. పైగా లైసెన్స్ లేని మనిషికి తన కారు ఇచ్చిన యజమానికీ అదే సెక్షన్ వర్తిస్తుంది. అంటే మీకు. ‘నాకు ఆ రూల్ తెలియదు’ అంటే శిక్ష తగ్గవచ్చేమో గానీ, నిర్లక్ష్యంగా ఇచ్చినా నేరమేనని అందులోనే ఉంది.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఉత్తరానికి జవాబు రాసే ముందు మీ ఇద్దరికీ ఇది తెలియాలి. తెలియకుండా ఆ ఫారంలో మంచి మనసుతో ‘నడిపింది మా వారు, ఇండియా లైసెన్స్ ఉంది’ అని రాసి పంపినవాళ్లు ఒక చిన్న జరిమానా కాగితాన్ని తమ చేత్తోనే క్రిమినల్ ఫైలుగా మార్చుకున్నట్టు అవుతుంది.

ఇక ఆ ఉత్తరం సంగతి. మన దగ్గర ఇ-చలాన్ బండి నంబరు మీద పడుతుంది, ఎవరు నడిపినా కట్టాల్సింది యజమాని. జర్మనీలో స్పీడ్ కేసుల్లో అలా కాదు. నడిపిన మనిషి ఎవరో తేల్చి ఆ మనిషికే శిక్ష వేయాలి. అందుకే ఇక్కడి కెమెరాలు ముందు నుంచి ముఖం పడేలా ఫోటో తీస్తాయి. అనుమానం యజమాని మీదే ఉంటే ‘ఆన్‌హోరుంగ్స్‌బోగెన్’ పంపుతారు, అంటే మీ మీద ఆరోపణ ఇది, మీ మాట చెప్పుకోండి అని. ఫోటోలో గడ్డం ఉన్న మగమనిషి, కారు ఆడమనిషి పేరు మీద. కాబట్టి మీకు వచ్చింది ‘త్సోయ్‌గెన్‌ఫ్రాగెబోగెన్’, అంటే సాక్షి ఫారం. ‘మీరు కాదని మాకు తెలుసు, ఎవరో చెప్పండి’ అని దాని అర్థం. మీరే నడిపానని రాయమన్న ఫ్రెండ్ ఆ ఫోటో చూసి మాట్లాడారా అని నాకు అనుమానం. ఒకవేళ అధికారులు నమ్మారే అనుకుందాం. మీది నిరుడు వచ్చిన లైసెన్స్. అంతకుముందు ఇండియా లైసెన్స్ లేకపోయి ఉంటే మీరింకా కొత్త డ్రైవర్లకు ఉండే రెండేళ్ల ప్రొబేషన్‌లోనే ఉన్నారు. వేగ పరిమితిని 21 కిలోమీటర్లు, ఆ పైన దాటితే ప్రొబేషన్ రెండేళ్లు కాస్తా నాలుగేళ్లవుతుంది, డబ్బు కట్టి ఒక సెమినార్‌లో కూర్చోవాలి. చేయని తప్పుకు ఇదంతా ఎందుకు?

ఇండియా వెళ్లిపోయినవాళ్ల పేరు రాయమన్న సలహా మాత్రం ఎవరిచ్చినా వినకండి. నడపని మనిషి పేరు తెలిసి తెలిసీ అధికారులకు రాసిస్తే అది తప్పుడు ఆరోపణ, మళ్లీ క్రిమినల్ నేరమే. ఇలాంటి సలహాలు మన వాట్సాప్ గ్రూపుల్లో పండగ శుభాకాంక్షల్లా తిరుగుతుంటాయి.

మూడు నెలల మాటలో కొంత నిజం ఉంది. స్పీడ్ తప్పు జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు నడిపిన మనిషి మీద చర్య మొదలుకాకపోతే ఆ కేసు చెల్లిపోతుంది. మీకు సాక్షిగా వచ్చిన ఫారం మీ వారి విషయంలో ఆ గడియారాన్ని ఆపదు, ఆయన పేరు మీద వచ్చే ఫారం ఆపుతుంది. అయితే అదే ఇంట్లో రిజిస్టర్ అయి ఉన్న మగమనిషి ఎవరో చూసి ఫోటోతో పోల్చుకోవడం వాళ్లకు పెద్ద పని కాదు. తలుపు కొట్టి అడగడానికి పోలీసులు రావడమూ మామూలే. ఇంకో సంగతి, లైసెన్స్ లేకుండా నడిపిన నేరానికి ఆ గడువు మూడు నెలలు కాదు, మూడేళ్లు. కాబట్టి డిసెంబరు దాటితే గండం గడిచిందనుకోవడానికి లేదు. నడిపింది ఎవరో చివరికి తేలకపోతే, కొంతకాలం ప్రతి ప్రయాణానికీ ఎవరు నడిపారో పుస్తకంలో రాసి పెట్టమని కారు యజమానికి ఆదేశం ఇవ్వవచ్చు. ఆరు నెలలో ఏడాదో, కూరగాయలకు వెళ్లినా రాయాల్సిందే.

మరి మీరు ఏం చేయాలి? అబద్ధం రాయడం వేరు, మాట్లాడకుండా ఉండటం వేరు. భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనని అనే హక్కు భార్యకు ఇక్కడి చట్టమే ఇచ్చింది. తన మీదికే కేసు వచ్చే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు కూడా ఉంది. మీకు ఈ రెండూ వర్తిస్తాయి. మీ పేరు, చిరునామాలాంటి సొంత వివరాలు మాత్రం సరిగ్గా ఇవ్వాలి. ఆ ఫారాన్ని నింపే ముందు, ఈ వారంలోనే, ట్రాఫిక్ చట్టంలో స్పెషలిస్ట్ అయిన లాయర్‌ని కలవండి. ఆ స్పెషలిస్టులకు ‘ఫాఖాన్వాల్ట్’ అనే బిరుదు ఉంటుంది, బోర్డు మీద చూసి వెళ్లండి. మామూలు జనానికి మొదటి సంప్రదింపుకు 190 యూరోలకు మించి తీసుకోకూడదని నియమం ఉంది, పన్ను అదనం. ఫైలు తెప్పించి చూసే హక్కు లాయర్‌కు ఉంటుంది. ఇద్దరూ కలిసి వెళ్లండి, మీ వారి రిజిస్ట్రేషన్ కాగితం, లైసెన్స్, పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి. ఆరు నెలల లెక్క ఏ రోజు నుంచి మొదలైందో ముందు అక్కడే తేల్చుకోండి. ఒక్కోసారి ఆ తేదీలోనే కేసు అటో ఇటో అవుతుంది. స్పీడ్ టికెట్‌కు లాయర్ ఎందుకని మరో సందర్భంలో నేనే అంటాను. ఇక్కడ లాయర్ కావాల్సింది స్పీడ్ కోసం కాదు.

అలాగే ఈ క్షణం నుంచి మీ వారు స్టీరింగ్ ముట్టుకోకూడదు. పార్కింగ్‌లో తిప్పి పెట్టడానికి కూడా. ఇప్పుడు తెలిసి నడిపితే అది ఇంకో నేరం, ఈసారి ‘తెలియదు’ అనే మాట కూడా మిగలదు. ప్రమాదం జరిగితే దెబ్బ తగిలినవాళ్లకు మీ ఇన్సూరెన్స్ డబ్బు ఇస్తుంది గానీ, లైసెన్స్ లేని డ్రైవర్ కాబట్టి అందులో 5,000 యూరోల దాకా మీ దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చు.

లైసెన్స్ మార్పిడికి ఆయన వెంటనే దరఖాస్తు పెట్టాలి. ఇండియా లైసెన్స్‌ను పరీక్ష లేకుండా మార్చే ఒప్పందం జర్మనీతో మనకు లేదు. థియరీ, డ్రైవింగ్ రెండూ రాయాలి. కాకపోతే మొదటిసారి నేర్చుకునేవాళ్లలా క్లాసులు ఇన్ని వినాలి, హైవే మీద ఇన్ని గంటలు నడపాలి అన్న నిర్బంధం ఆయనకు ఉండదు. పరీక్షకు డ్రైవింగ్ స్కూల్ కారు, టీచర్ తప్పవు కాబట్టి ఏదో ఒక స్కూల్లో చేరాలి. కంటి పరీక్ష, ప్రథమ చికిత్స కోర్సు, లైసెన్స్ అనువాదం ముందే సిద్ధం చేసుకోండి. థియరీలో 30 ప్రశ్నలు, ఇంగ్లీషులో రాయవచ్చు, తెలుగు, హిందీ లేవు. డ్రైవింగ్ పరీక్షలో ఎగ్జామినర్ జర్మన్‌లోనే చెబుతాడు, కుడి, ఎడమ, ఆపు, తిప్పు దాకా వస్తే చాలు. గుంటూరులో ఏళ్ల తరబడి నడిపానన్న ధైర్యంతో వెళ్లి మొదటిసారి తప్పినవాళ్లు చాలామంది. ముఖ్యంగా 30 వేగ పరిమితి ఉండే జోన్లలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలన్న నియమం దగ్గర. మన చేతులకు అది అలవాటు లేదు. నాలుగైదు క్లాసులు డబ్బు పోయినా తీసుకోమనండి. దరఖాస్తు పెట్టాను కదా అని మధ్యలో నడపకూడదు, కొత్త కార్డు చేతికి వచ్చేదాకా ఆయన ప్యాసింజరే.

ఇక బోర్డు లేదన్న మాట. ఒట్టు పెట్టారు కాబట్టి నమ్ముతాను, ఎర్ర వలయంలో 50 అని రాసిన బోర్డు అక్కడ ఉండి ఉండదు. ఉండనక్కర్లేదు కూడా. ఊరు మొదలయ్యే చోట పసుపు పలక మీద నల్లటి అక్షరాలతో ఊరి పేరు ఉంటుంది చూడండి, అదే స్పీడ్ బోర్డు. అది దాటిన క్షణం నుంచి 50. ఊరు అయిపోయే చోట అదే పేరు మీద ఎర్ర గీత కొట్టి ఉంటుంది, అక్కడి నుంచి మళ్లీ 100. చుట్టూ పొలాలు, రోడ్డు ఖాళీ, 100లో వస్తుంటాం, నాలుగిళ్ల ఊరు వస్తుంది, 70కి తగ్గించి చాలా తగ్గించామనుకుంటాం. కొత్తగా వచ్చిన మనవాళ్లకు చలాన్లు ఎక్కువగా పడేది ఇలాంటి ఊళ్లలోనే అని నా అనుభవం. ఆటోబాన్ గురించి అందరూ అంతా విని వస్తారు, ఈ పసుపు పలక గురించి ఎవరూ చెప్పరు. కెమెరా మరీ పలక పక్కనే పెట్టకూడదని, 100 నుంచి 200 మీటర్ల దూరం ఉండాలని కొన్ని రాష్ట్రాల్లో మార్గదర్శకాలు ఉన్నాయి, స్కూలు ముందులాంటి చోట్ల మినహాయింపులతో. మీ కెమెరా ఎక్కడ ఉందో ఫైలు చూసినప్పుడు లాయర్‌ని గమనించమనండి. దానితో కేసు ఎగిరిపోతుందని మాత్రం ఆశపడకండి.

ఉత్తరంలో ఉన్న 74 మినహాయింపు పోగా మిగిలిన అంకె. 100 లోపు వేగానికి 3 కిలోమీటర్లు, ఆ పైన 3 శాతం తగ్గించి రాస్తారు, అంటే కెమెరా చూసింది 77. ఊళ్లో 21 నుంచి 25 దాకా ఎక్కువైతే 2021 నవంబరు నుంచి అమల్లో ఉన్న పట్టిక ప్రకారం 115 యూరోలు, ఒక పాయింట్. నోటీసు ఖర్చు 28.50 కలిపి 143.50. ఇంకో నాలుగు కిలోమీటర్లు తక్కువ ఉండి ఉంటే 70 యూరోలతో పాయింట్ లేకుండా పోయేది. ఇంకో ఏడు ఎక్కువైతే 260 యూరోలు, రెండు పాయింట్లు, నెల రోజులు బండి ముట్టుకోకుండా నిషేధం. పాయింట్లు ఫ్లెన్స్‌బుర్గ్ అనే ఊళ్లోని కేంద్ర రిజిస్టర్‌లో పడతాయి, జర్మన్ లైసెన్స్ లేనివాళ్ల పేరు మీద కూడా. ఎనిమిది పడితే లైసెన్స్ పోతుంది. ఇలాంటి ఒక్క పాయింట్ రెండున్నరేళ్లకు చెరిగిపోతుంది.

శిక్ష ఖరారు చేసే అసలు నోటీసు పసుపు కవరులో వస్తుంది. పోస్ట్‌మ్యాన్ కవరు మీద తేదీ వేసి డబ్బాలో వేసిన రోజే మీకు అందినట్టు లెక్క, మీరు ఊళ్లో లేకపోయినా. అక్కడి నుంచి రెండు వారాల్లో అభ్యంతరం రాయాలి. తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ ఇచ్చారు కదా, అలాంటిది వస్తుందని ఇక్కడ ఎవరూ ఎదురుచూడకండి. ఆలస్యమైతే అదనపు రుసుము పడుతుంది, మొండికేస్తే కట్టేదాకా కొన్ని రోజులు జైల్లో పెట్టే అధికారం కూడా కోర్టుకు ఉంది.

జరిమానా దోపిడీ అని తిట్టుకునేవాళ్ల కోసం ఒక లెక్క. ఇక్కడి డ్రైవింగ్ స్కూళ్లలో నేర్పేదే, మీ వారికి థియరీలో పనికొస్తుంది. వేగాన్ని పదితో భాగించి వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే బ్రేకు వేశాక బండి ఆగే దూరం మీటర్లలో వస్తుంది. పదితో భాగించి మూడుతో గుణిస్తే బ్రేకు మీద కాలు పడేలోపు పోయే దూరం. 50లో అయితే మొత్తం 40 మీటర్లు. 74లో దాదాపు 77. ఊళ్లో పిల్లాడు బంతి వెంట రోడ్డు మీదికి వచ్చేది ఆ తేడాలోనే.

ఆటోబాన్ గురించి మీరు అడగలేదు గానీ రెండు ముక్కలు. దాదాపు 70 శాతం ఆటోబాన్‌కు పరిమితి లేదన్నది నిజమే. 130 అన్నది సూచన మాత్రమే. అయితే 130 దాటి వెళ్తుండగా ప్రమాదం జరిగితే, తప్పు అవతలివాడిదే అయినా నష్టంలో కొంత మీ మీద పడవచ్చని ఇక్కడి సుప్రీం కోర్టు 1992లోనే చెప్పింది. పరిమితి ఉన్న చోట మాత్రం గట్టిగా చూస్తారు. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే ఏ3 మీద లింబుర్గ్ దగ్గర ఎల్జర్ బెర్గ్ అనే దిగుడు ఉంది, అక్కడి కెమెరా పేరు జర్మనీలో తెలియనివాళ్లు తక్కువ. కెమెరాలు ఎక్కడున్నాయో రేడియోలో చెబుతారు, వినవచ్చు. ఫోన్‌లో కెమెరా హెచ్చరిక యాప్ పెట్టుకుని నడిపితే మాత్రం 75 యూరోలు, ఒక పాయింట్. ఈ తేడా ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పీఆర్, సిటిజన్‌షిప్. స్పీడ్ జరిమానా క్రిమినల్ రికార్డు కాదు, పోలీస్ క్లియరెన్స్ కాగితంలో రాదు. లైసెన్స్ లేకుండా నడిపిన కేసులో శిక్ష పడితే అది రికార్డే. కోర్టు జరిమానాను రోజుల లెక్కన వేస్తుంది, మీ రోజు ఆదాయం ఇంత, అలాంటివి ఇన్ని రోజులు అని. 90 రోజుల లోపు ఉంటే సిటిజన్‌షిప్ చట్టం దాన్ని పట్టించుకోదు. కానీ విచారణ నడుస్తున్నంత కాలం మీ దరఖాస్తు మీద నిర్ణయం ఆగుతుంది, ఫారంలో ఆ సంగతి దాచకూడదు కూడా. పీఆర్ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కూడా ఆ లాయర్‌నే అడగండి.

మీ మరిది విషయం వింటే మీ వారికి కోపం రావచ్చు. ఆయన చూడ్డానికి వచ్చి వెళ్లిపోయే మనిషి, ఇక్కడ నివాసం లేదు. కాబట్టి ఇండియా లైసెన్స్ మీద నిక్షేపంగా నడపవచ్చు. లైసెన్స్‌కు జర్మన్ అనువాదం దగ్గర ఉండాలి. ఏడీఏసీ అనే ఆటోమొబైల్ క్లబ్ చేసిపెడుతుంది, లేదా ప్రమాణం చేసిన అనువాదకుల దగ్గర చేయించుకోవాలి. ఆయన వచ్చే ముందే మీ ఇన్సూరెన్స్‌వాళ్లకు మెయిల్ పెట్టి పాలసీలో ఆయన పేరు, వయసు చేర్పించండి. చాలా పాలసీల్లో ఎవరెవరు నడపవచ్చో ముందే రాసి ఉంటుంది.